ఐదు చుక్కల తేడా

రామచంద్రపురంలో ఓ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే జోగేశ్వరరావు గారికి ఒకటే జబ్బు. నీళ్ళలో ఏది కలిసినా, అది పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులుందో తేల్చాలి. తేల్చందే ఆయనకు ముద్ద దిగదు.

ఆ ముద్ద సంగతి వాళ్ళావిడ మాణిక్యాంబ గారికి బాగా తెలుసు.

"పులుసులో ఉప్పు పన్నెండు వేల వంతులుందోయ్. పదివేలు చాలు."

"ఆ రెండు వేలూ ఏరి కంచం పక్కన పెట్టుకోండి."

"కరిగిపోయాక ఏరడం కుదరదే!" అని ఆయన నిజంగానే విచారించేవారు.

ఒకసారి కోటిపల్లి రేవులో ఓ ముసలమ్మ గోదారమ్మకి చెంబుడు పాలు పోసింది. పడవ ఎక్కాల్సిన ఈయన అక్కడే నిలబడిపోయి, ఆ పాలు సముద్రం చేరేసరికి ఎంత పలచనవుతాయో లెక్క కట్టడం మొదలెట్టారు. లెక్క తేలేసరికి పడవ అవతలి ఒడ్డున ఉంది. "లేనట్టేనండి. కానీ బొత్తిగా లేకపోలేదు" అని ముసలమ్మకి చెప్పారు. ఆవిడ ఈయనెవరో పురోహితుడనుకుని దణ్ణం పెట్టింది.

ల్యాబులో మాత్రం నవ్వులాట కాదు. ఫ్లాస్కు మెడ మీద గీత వరకే నీళ్ళు పోయాలి. వెంట్రుకవాసి దాటినా, "పారబోయ్! మళ్ళీ మొదట్నుంచీ" అనేవారు. బియస్సీ ఆఖరి ఏడాది చదివే మీనాకుమారి పారబోసినన్ని నీళ్ళు వాళ్ళ పెరట్లో కొబ్బరిచెట్లు కూడా తాగి ఉండవు.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలో ఆ మీనాకుమారే గీత దాటించేసింది. అప్పటికే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పిస్తామని ఇంట్లో చెప్పేశారు. పరీక్షకిచ్చిన ద్రావణమంతా ఆ ఫ్లాస్కులోనే ఉంది, పారబోస్తే మళ్ళీ ఇవ్వరు. తలెత్తితే ఎదురుగా జోగేశ్వరరావు గారు.

"ఎన్ని చుక్కలు?"

"మూడండి."

"నిజం చెప్పు."

"ఐదండి."

ఆయన జేబులోంచి పెన్సిలు తీసి అరచేతిలోనే లెక్క వేసేశారు.

"ఐదు చుక్కలంటే పావు మిల్లీలీటరు. ఇది వంద మిల్లీలీటర్ల ఫ్లాస్కు, అంటే నూటికి పావు వంతు తేడా. ఒక వంతు దాటితే గానీ మార్కులు కొయ్యరు. కానియ్యి."

మీనాకుమారికి ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు ఉక్రోషం కూడా వచ్చింది.

"మరి ఏడాదంతా పారబోయించారు కదండీ!"

"పారబోయించబట్టే ఇవాళ ఐదో చుక్క దగ్గర నీ చెయ్యి ఆగిందమ్మా. లేకపోతే మూతిదాకా నింపేసుందువు."

ఏడాదిపాటు ఆయన్ని తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది. కళ్ళనిండా నీళ్ళతో ఫ్లాస్కు మీదికి వంగింది. జోగేశ్వరరావు గారు చప్పున ఫ్లాస్కు మూతికి చెయ్యి అడ్డం పెట్టారు.

"పక్కకి తిరిగి ఏడవమ్మా. ఆ చుక్కలు నేను లెక్కలో వెయ్యలేదు."