ఒక పూట కూర్చోమన్న సారు

మా సారు పోయారు. సోమవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరుతూ చెప్పులు వేసుకోవడానికి వంగి, అలాగే ఒరిగిపోయారట. గుండెపోటు. ఆఫీసు గ్రూపులో కబురు చూసి, ఎవరో పొరపాటున పెట్టారనుకుని ఆయనకే ఫోన్ చేశాను. వాళ్ల అల్లుడు ఎత్తాడు. శుక్రవారం నా డబ్బాలోని గోంగూర సగం లాగేసుకున్న మనిషి సోమవారానికి లేకపోవడమేమిటి? నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

జూబ్లీహిల్స్‌లో మా ఆఫీసు. సెల్ టవర్లను ఇప్పుడు సాఫ్ట్‌వేరే నడుపుతుంది. రద్దీ ఉన్నచోట బలం పెంచుతుంది, ఎవరూ వాడనిచోట కరెంటు ఆదాకు నిద్రపుచ్చుతుంది. దానికి రూలు రాయడం మా పని, ఆ రూలు మీద సంతకం సారు పని. టవర్ ఉన్న చోటు మేం చూసి రానిదే పెట్టేవారు కాదు. "ముందుగాల గాడికి పోయి ఒక పూట కూసో. మిషన్‌కు లెక్క తెలుస్తది, జాగ తెలువదు" అనేవారు. ఇదంతా పాతకాలం చాదస్తమని మేం వెనకాల నవ్వుకునేవాళ్లం.

రెండేళ్ల కిందట ఫిల్మ్ నగర్‌లో ఒక షూటింగ్ ఫ్లోర్ నా వంతుకొచ్చింది. మందం గోడలు, బయటి సిగ్నల్ లోపలికి రాదు. అందుకని లోపలే సిగ్నల్ ఇచ్చే ఒక చిన్న పెట్టె బిగించాం. పావుగంట ఎవరూ వాడకపోతే దాన్ని పడుకోబెట్టమని రూలు రాశాను. ఎండకు బద్ధకించి వెళ్లలేదు. వెళ్లి కూర్చుని వచ్చానని సారుకు చెప్పాను. నా మాట మీద సంతకం పెట్టారు.

వెళ్లి ఉంటే తెలిసేది. షాట్, రీటేకులు నడుస్తున్నంతసేపూ అక్కడ అందరి ఫోన్లూ ఆపేయిస్తారు. వందమంది ఊపిరి బిగబట్టి నిలబడితే, సాఫ్ట్‌వేర్ ఎవరూ లేరనుకుని పెట్టెను పడుకోబెట్టింది. సరిగ్గా అప్పుడే ఒక లైట్‌మన్ పైనుంచి పడ్డాడు. అంబులెన్సును పిలవడానికి గేటు దాకా పరుగెత్తాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది గానీ అతని కాలు సరిగా అతుక్కోలేదు.

విచారణలో సారు ఒక్కటే మాట అన్నారు. "పంపాల్సింది నేను. పంపలే." ఆయన ప్రమోషన్ ఆగిపోయింది. పక్కనే కూర్చున్న నేను నోరు మెదపలేదు. ఆ తర్వాత కూడా ఆయన నాతో ఎప్పటిలాగే ఉన్నారు, ఎప్పటిలాగే కసిరారు. నిజం రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ రెండేళ్లు గడిపేశాను. సిగ్గుగా ఉంది.

నిన్న రహమత్ నగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. సారు భార్య పక్కన కూర్చుని, ఆ రోజు నేను ఫిల్మ్ నగర్ వెళ్లలేదని, సారుకు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను.

ఆవిడ పట్టుకున్న నా చెయ్యి వదల్లేదు.

"నాకెరికే బిడ్డా. గాడి వాచ్‌మన్‌ను అడిగి ఆయన అప్పుడే తెలుసుకున్నడు. 'గా పిల్ల ఎప్పటికైనా తానే చెప్తది, నువ్వు అడగకు' అన్నడు."

ఎదురుగా గోడకు చార్జింగ్ పెట్టిన ఆయన ఫోన్ ఉంది. సిగ్నల్ గీతలు నిండుగా వెలుగుతున్నాయి.