నిండు టబ్బు అంచున క్రీమక్క

మూడో అంతస్తు గదిలో నేను అద్దెకు దిగింది ఒక్క నెలకని. నాలుగు నెలలు కదలకపోవడానికి కారణం ఒక టబ్బు. కాళ్లరిగేలా తిరిగినవాణ్ణి. కాలువల్లో మునిగాను, రైల్వే కుళాయిల కింద తడిశాను, ఒక సత్రంలో చెంబుడు నీళ్లతో వారం గడిపాను. మెడదాకా వేడినీళ్లలో కూర్చునే భోగం డెబ్బై దాటాకగానీ దక్కలేదు. నా భోగం కింది ఇంటావిడ కుట్టుమిషను మీద చుక్కచుక్కగా పడుతోందని మూడో వారంలో తెలిసింది. టబ్బు అంచుకూ గోడ టైల్సుకూ మధ్య నీళ్లు దిగకుండా నింపిన పాత సిలికాన్ జిగురు నల్లగా బూజుపట్టి ఊడిపోయింది.

ఆ సందు పూడ్చడానికి వచ్చిన మనిషే క్రీమక్క.

యాభై దాటిన ఆవిడ. ఇరవై రెండేళ్లు ఒక బేకరీలో కేకుల మీద పూలు పూయించింది, పెళ్లివాళ్ల పేర్లు రాసింది. బేకరీ మూతపడ్డాక ఎనిమిది నెలలు చేతులు ముడుచుకుని ఇంట్లో కూర్చుంది. ప్లంబరైన మరిది చూడలేక, "సిలికాన్ గన్ను కూడా నీ క్రీము గొట్టంలాంటిదే వదినా, నొక్కడమే కదా!" అన్నాడట. ఆర్నెల్లు అతని వెనక సంచి మోస్తూ నేర్చుకుంది. ఒంటరిగా ఒప్పుకున్న మొదటి పని నా బాత్‌రూమే.

తాళాల గుత్తి నడుముకు కట్టుకుని తిరిగే బిల్డింగు మేనేజరు ముందే చెప్పేశాడు: "ఇది నిలబడితే మిగతా పదకొండు బాత్‌రూములూ మీకే అమ్మా. కింద మళ్లీ చుక్క పడిందా, నేను వేరేవాళ్లను చూసుకుంటా."

అంటే పదకొండు గదుల పని, లేదంటే మళ్లీ మరిది వెనక సంచి.

మొదటి రోజు ఆవిడ చెయ్యి చూడాలి. ఊపిరి బిగబట్టి, ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్క గీత దించింది. తెల్లగా, నున్నగా, వెన్నలా ఉంది. మేనేజరు కూడా "అబ్బ!" అన్నాడు. ఒక రోజు ఆగమంటే ఆగాను. మర్నాడు నీళ్లు నింపుకుని లోపలికి దిగాను. తిరిగేవాళ్లు బక్కగా ఉంటారంటారు. నన్ను చూస్తే ఆ మాట మీద నమ్మకం పోతుంది. స్నానమయ్యేసరికి ఆ వెన్నగీత పొడుగునా వెంట్రుకంత చీలిక. సాయంత్రానికి కింద చుక్క.

వార్త తెలిసి మరిది నవ్వుతూ వచ్చాడు. "కేకు మీదెవరూ ఎక్కి కూర్చోరు కదా వదినా!"

"నువ్వు వేసినవి ఎన్నాళ్లుంటాయేం?"

"ఏడాది. ఊడితే మళ్లీ పిలుస్తారు. మనకూ మంచిదేగా."

"నీకు మంచిదే. నన్నయితే మళ్లీ పిలవరు."

మేనేజరును బతిమాలి శనివారం దాకా గడువు తెచ్చుకుంది. ఆ తరవాత బాత్‌రూములో ముక్కాలిపీట వేసుకుని చాలాసేపు ఆ చీలికకేసి చూస్తూ ఉండిపోయింది. చివరికి పాత గీత కాస్త కోసి తీసి, నన్ను పిలిచింది.

"బాబాయిగారూ, ఒకసారి టబ్బులోకి ఎక్కండి."

"బట్టలతోనా?"

"బట్టలతోనే. నాకు కావలసింది మీ బరువు, మీ స్నానం కాదు."

నా పేకముక్కలు అడిగి తీసుకుని సందులోకి దూర్చి చూసింది. ఖాళీ టబ్బుకు మూడు ముక్కలు పట్టాయి. నేనెక్కితే ఏడు. దిగమంది, ఎక్కమంది, మళ్లీ దిగమంది. ముసలిప్రాణానికి అంత కసరత్తు ఈమధ్య లేదు.

"చూశారా, బరువు పడితే కిందికి కుంగుతోంది. ఖాళీగా ఉన్నప్పుడు అతికితే అది చిరగక ఏం చేస్తుంది? నింపి అతకాలి."

ఇది విన్నాక నేను ఊరుకోలేక పడవల సంగతి ఎత్తుకున్నాను. ఎండలో ఆరబెట్టిన కొయ్యపడవకు పలకల మధ్య సందులు తెరుచుకుంటాయి. ఓపికున్న పడవవాడు దాన్ని నీళ్లలో ముంచి ఉంచుతాడు. కొయ్య ఉబ్బి సందులు వాటంతటవే మూసుకుంటాయి. అక్కణ్ణుంచి ఓడరేవులకూ, ఓడరేవుల నుంచి నేను పోగొట్టుకున్న గొడుగుకూ వెళ్లాను. "మీరు చెబుతూ ఉండండి, నేను గీకుతూ ఉంటా" అంది క్రీమక్క.

గీకడానికే ఒక పూట పట్టింది. పాతదాని మీద కొత్తది పట్టదని, గోరంత కూడా మిగల్చకుండా బ్లేడుతో తీసింది. స్పిరిట్ గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చింది. తరవాత టబ్బును ముప్పాతిక వంతు నింపి, సందుకు అటూ ఇటూ టేపు అంటించి, నీళ్ల మీదికి వంగి గన్ను పట్టింది. ఈసారి గీత మీద మురిపెం లేదు. సందు లోపలిదాకా నొక్కి నొక్కి కూరింది. సబ్బునీళ్లలో ముంచిన వేలితో ఒక్కసారి రాసి, తడి ఆరకముందే టేపు లాగేసింది. మెరుపు కాస్త తగ్గింది. ఆవిడ లెక్కచేయలేదు.

"రెండు రోజులు టబ్బులో నీళ్లు బయటికి వదలొద్దు" అని కాగితం రాసి గోడకు అంటించింది. నేను బకెట్టుతో సరిపెట్టుకున్నాను.

"చేపలు పెంచుతున్నావా వదినా?" అన్నాడు మరిది.

"పెంచుతున్నా. నీకో పులుసు ముక్క పంపిస్తాలే."

శనివారం నీళ్లు వదిలి, మళ్లీ నింపి, నన్ను లోపల కూర్చోబెట్టారు. ఈసారీ బట్టలతోనే. మేనేజరు చెంబుతో గోడ వెంబడి గుమ్మరించాడు. ఒకటి కాదు, పన్నెండు చెంబులు. ఆనక కింది ఇంటికి వెళ్లి కూర్చున్నాడు. పావుగంట గడిచింది. క్రీమక్క టైల్సుకు చెయ్యి ఆనించి నిలబడింది. మరిది గుమ్మం దగ్గర మెట్లవైపు చెవి ఒగ్గాడు.

మెట్ల మీంచి మేనేజరు గొంతు వినిపించింది. "మిషను మీది బట్ట పొడి! ఎక్కడా తడి లేదు!"

పైకొచ్చి, గుత్తిలోంచి రెండో అంతస్తు తాళం ఒకటి విప్పి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

మరిది గొంతు సవరించుకున్నాడు. "వదినా, సోమవారం నాకూ ఒక టబ్బు పనుంది. నువ్వొస్తే..."

"సోమవారం నాకెక్కడ కుదురుతుంది? ఇక్కడ మొదలుపెట్టాలిగా. నీది బుధవారానికి జరుపుకో. సోమవారం నువ్వే రా, గీకడానికి మనిషి కావాలి."

అతను టబ్బు అంచున ఉన్న బ్లేడు అందుకున్నాడు.

"ఎన్నింటికి రమ్మంటావ్?" అన్నాడు.