నడుముకు తాడు

పటాన్‌చెరులో మా పక్క గదిలో ఉండే గోదావరి పెద్దమ్మ నడుముకు ఎప్పుడూ కొబ్బరి తాడు చుట్టుకునేది. కొడుకు ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చింది గానీ, ఆమె కాపురమంతా సరుకులు మోసే తెరచాప పడవ మీదే సాగింది. వంటలూ పురుళ్లూ అక్కడే. ఎవరైనా నీళ్లలో పడితే విసరడానికి పడవల్లో ఆడవాళ్లు అలా తాడు చుట్టుకునేవారట.

"ఈడ నీళ్లేడున్నయి పెద్దమ్మా? ట్యాంకర్ వస్తెనే బిందె నిండుతది," అని నవ్వేదాన్ని. ఆమె పట్టించుకునేది కాదు.

ఒక ఆదివారం పొద్దున ఎదురు గది డ్రైవర్ తన భార్యను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చి, ఇనుప రాడ్డుతో కొట్టాడు. ఆమె చెవి నుంచి నెత్తురు కారుతోంది. మేమంతా సిగ్గులేకుండా గుమ్మాల్లో నిలబడి చూస్తున్నాం. రాడ్డు మళ్లీ లేచేసరికి పెద్దమ్మ వెనక నుంచి అతని మణికట్టుకు ఉచ్చు బిగించి, తాడును మెట్ల కమ్మీకి చుట్టి లాగింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అతను గావుకేకలు పెడుతుంటే ఆమె నింపాదిగా ముడి వేసింది.

పోలీసులు అతన్ని తీసుకెళ్లాక, "గింత ధైర్యం ఏడికెళ్లొచ్చింది పెద్దమ్మా?" అని అడిగాను.

"ధైర్యం కాదమ్మాయ్. మా ఆయన తెడ్డుతో నా పక్కటెముకలు విరగ్గొడుతుంటే గాలి మళ్లింది. తెరచాప గిర్రున తిరిగి, దాని వాసం తగిలి గోదాట్లో పడ్డాడు. తాడు విసరవే అని అరిచాడు."

"విసిరినవా?"

ఆమె తాడును మళ్లీ నడుముకు చుట్టుకుంది.

"ఆవేళ తాడు తడవలేదమ్మాయ్."