తొంభై ఎనిమిది మార్కుల ఫ్రెంచ్

నాకు ఫ్రెంచ్ రాదు. ఇంటర్లో మాత్రం సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచే, వందకు తొంభై ఎనిమిది. సంస్కృతం తీసుకున్నవాళ్ళకు సంస్కృతం ఎంత వచ్చో నాకు ఫ్రెంచ్ అంత వచ్చు. గైడు బట్టీ పట్టి, పరీక్ష హాల్లో కక్కి, గేటు దాటేసరికి మర్చిపోయాను. ఈ సంగతి మనవాళ్ళెవరికైనా చెప్పకుండానే అర్థమవుతుంది. కెనడాలో, విండ్సర్లో మా ప్రొఫెసర్‌కు ఎలా అర్థమవుతుంది?

ఆ ఏడు విండ్సర్లో ఏ బస్టాపులో చూసినా వీపున బ్యాగుతో మనవాళ్ళే. నాది బిజినెస్ డిప్లొమా. దానికి సంబంధం లేని సబ్జెక్టు ఒకటి తీసుకోవాలంటే, పరీక్ష ఉండదని సీనియర్లు వాట్సాప్ గ్రూపులో చెప్పారని నాటకాల చరిత్ర తీసుకున్నాను. మొదటి వారమే ప్రొఫెసర్ "మీలో ఫ్రెంచ్ ఎవరికి వచ్చు?" అన్నాడు. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. నా చెయ్యి దానంతటదే లేచింది. ఆ తొంభై ఎనిమిది మార్కులే లేపాయి దాన్ని.

నాకొక నాటక రచయితను అంటగట్టాడు. పంతొమ్మిదో శతాబ్దం వాడు, ఆ కాలంలో కూడా పెద్ద పేరున్నవాడు కాదు. అతని గురించి ఇంగ్లీషులో ఒక్క ముక్కా లేదు. ఉన్నవల్లా పాత ఫ్రెంచ్ పుస్తకాల స్కాన్ కాపీలు. అతని జీవితం, రచనలు అని పేపర్ రాసి క్లాసులో చెప్పాలి. మొదటి పేజీ తెరిస్తే నాకు తెలిసిన మాట ఒక్కటీ కనపడలేదు.

మేం నలుగురం ఉండే బేస్‌మెంట్‌కు పైన ఇంటావిడ ఉండేది. డెబ్బై దాటిన ఒంటరి మనిషి, నది ఒడ్డున తరతరాలుగా ఉంటున్న ఫ్రెంచ్ కుటుంబం ఆవిడది. దిగిన రోజు చెయ్యి చాచి తన పేరు చెప్పింది. నేను రెండు చేతులా నమస్కారం పెట్టి "ఓకే ఆంటీ" అన్నాను. అప్పట్నుంచి మా నలుగురికీ ఆంటీయే. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలిచే అలవాటు మనకు లేదు కదా.

లాప్‌టాప్ పట్టుకుని పైకి వెళ్ళాను. ఆంటీ కళ్ళజోడు తుడుచుకుని అరగంట చదివి పకపకా నవ్వింది. ఒక నోటరీ భార్య, మొగుడి మేనమామ కంటపడకుండా వండిన బాతును ఇల్లంతా తిప్పి దాచే నాటకం అది. పాత్రకో గొంతు పెట్టి చదివింది, ఇంగ్లీషులో చెప్పింది. నేను టైప్ చేశాను. అలా రెండు నెలలు, వారానికి మూడు మధ్యాహ్నాలు. "ఈ మాటకు ఇంగ్లీషు చాలదు, ఉండు" అని కళ్ళు మూసుకుని ఆలోచించేది. పన్ను ఆఫీసులో గుమాస్తాగా చేస్తూ నలభై నాటకాలు రాశాడట ఆ మనిషి. కథలు అల్లింది మాత్రం ఒక స్నేహితుడు. పోస్టర్ మీద అతని పేరు ఎప్పుడూ పడలేదు. అతను ధర్మాసుపత్రిలో పోయాక, చివరి నాటకం మొదటి పేజీలో మనవాడు 'నా మిత్రుడికి' అని రెండు ముక్కలు వేశాడు.

ఆంటీకి కోపం వచ్చింది. "మిత్రుడా? ఆ మిత్రుడికి పేరు లేదా?" అని లాప్‌టాప్ నా వైపు తోసేసింది. ఆ రోజు ఇక చదవలేదు.

క్లాసులో చెప్పాల్సిన రోజు మంచు పడింది. బస్సు రాలేదు. ఆంటీయే కారులో తీసుకెళ్ళి, తనూ వింటానని వచ్చి వెనక వరసలో కూర్చుంది. బాతు సంభాషణలు చదివితే క్లాసంతా నవ్వింది. ప్రొఫెసర్ అడిగాడు, "ఈ అనువాదం ఎవరిది? చాలా బాగుంది."

"నేనే చేశాను సార్."

ఎందుకన్నానో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. నిజం చెబితే ఫ్రెంచ్ వచ్చన్న అబద్ధం బయటపడుతుందని భయం. చప్పట్లు వదులుకోవాలనిపించలేదన్నది దానికన్నా నిజం. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నాను గానీ, ఆ తెప్ప వెనక వరసలో కూర్చుని నన్నే చూస్తుంటే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆంటీ ఒక్కటే అడిగింది, హీటర్ పెంచమంటావా అని.

నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఐదో రోజు ప్రొఫెసర్ గదికి వెళ్ళి ఉన్నదంతా చెప్పేశాను. ఆయన నా పేపర్ తీసి ముందు పెట్టుకున్నాడు. తర్వాత, "మార్కులు తగ్గుతాయి. అనువాదం ఎవరిదో మొదటి పేజీలో పేరుతో రాసి శుక్రవారానికి ఇవ్వు" అన్నాడు. బరువు దిగినట్టు అక్కడే లాప్‌టాప్ తెరిచాను. 'అనువాదం' అని కొట్టి ఆగిపోయాను.

ఆవిడ పేరు నాకు తెలీదు.

రూమ్మేట్లకు ఫోన్ చేశాను. ముగ్గురూ "ఆంటీ కదా" అన్నారు. అగ్రిమెంటు ఆవిడ కొడుకు పేరు మీద ఉంది. నా ఫోన్లో 'విండ్సర్ ఆంటీ' అని ఉంది. ఎనిమిది నెలలు ఆవిడ టీ తాగాను, ఆవిడ గొంతుతో చప్పట్లు కొట్టించుకున్నాను. మొదటి రోజు ఆవిడ నోరారా చెప్పిన పేరు మాత్రం నా చెవికి ఎక్కలేదు.

పైకి వెళ్ళాను. ఆంటీ వంటగదిలో యాపిల్స్ చెక్కు తీస్తోంది. ప్రొఫెసర్‌కు నిజం చెప్పానని, పేపర్ మీద ఆవిడ పేరు వెయ్యాలని చెప్పాను. "మంచిపని చేశావు" అంది. నేను కదలకపోతే తలెత్తింది.

"ఆంటీ, మీ పేరు..."

కత్తి ఆగింది. "మొదటి రోజే చెప్పాను" అంది. గొంతులో కోపం లేదు, అందుకే తట్టుకోలేకపోయాను. "ఇప్పుడు కావలసింది నీకా, మీ ప్రొఫెసర్‌కా?"

ఈసారి అబద్ధం ఆడలేదు. "ప్రొఫెసర్‌కు" అన్నాను.

ఆవిడ తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుని, మళ్ళీ కత్తి అందుకుంది. "అయితే 'నా మిత్రురాలికి' అని రాయి. మనవాడూ అదే రాశాడుగా."

అలాగే రాసి ఇచ్చాను. ఆ తర్వాత ఇంకో ఏడాది ఆ ఇంట్లోనే ఉన్నాను, మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు. నా ఫోన్లో ఆవిడ ఇప్పటికీ విండ్సర్ ఆంటీయే.