చైనా నవలలో నేను మార్చిన రెండు పేజీలు

నేను బడికి పోలేదు. తెలుగూ ఇంగ్లీషూ మా నాయన ఇంట్లోనే నేర్పించినాడు. ఆళ్ళగడ్డకు కోడలిగా వచ్చినాక ఆ చదువు మూలన పడకుండా కాపాడింది మా మామ. విగ్రహాలు చెక్కే షెడ్డులో ఒక పక్క రాతిపలక వేయించి, "ఈడ కూసోని రాసుకోమ్మా, సుత్తి సప్పుడు ఓర్సుకుంటే సాలు" అన్నాడు. ఆ పలక మీదే ఒక చైనా నవలను ఇంగ్లీషు నుంచి తెలుగు చేసినాను. ఇప్పటికీ పొద్దున దీపం పెట్టేటప్పుడు దేవుని తర్వాత ఆయన్నే తలుచుకుంటాను. తలుచుకునే అర్హత ఉందా అంటే, అది వేరే మాట.

మామకు చూపు పోయి అప్పటికి మూడేండ్లు. ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. విగ్రహం పూర్తయినాక, చిట్టచివర కండ్లు తెరుస్తారు. అప్పటిదాకా అది రాయి, తెరిచినాక దేవుడు. ఆ గీత ఇంటి పెద్ద చేత్తోనే పడాలని గుడి పెద్దలు పట్టుబడతారు. మామ వేలితో తడుముకొని, నా భర్త ఆయన మణికట్టు పట్టుకుంటే, తానే ఉలి ఆడించేవాడు. గీత ఎప్పుడూ తప్పలేదు. కానీ తెలిస్తే ఎవరూ ఒప్పుకోరు. ఆయనకు మిగిలింది ఆ ఒక్క పనే.

నవలలో ఒక కొండ ఊరి శిల్పి ఉంటాడు. వరదలో కూతురు పోతుంది. తాను చెక్కిన, ఊరంతా మొక్కే నది దేవత ముఖాన్ని అతనే సుత్తితో పగలగొడతాడు. రాసింది రాసినట్టు మామకు చదివి వినిపించేదాన్ని. ఆ చోట ఆపమన్నాడు.

"కండ్లు తెరిసిన బొమ్మనేనా కొట్టింది?"

"అవును మామా. ఎన్నో ఏండ్లు పూజలందుకున్న దేవత."

"అబద్ధం. సెక్కినోని సెయ్యి లేయదు. రాసినోళ్ళు రాతిపని సూసింటే గదా."

నిజానికి ఆ మాటలు రాయడం నాకూ పాపమనిపించింది. రెండు పేజీలు మార్చి మామకు వినిపించినాను. కొత్తగా చెక్కిన, ఇంకా కండ్లు తెరవని దేవతను శిల్పి పగలగొట్టినట్టు రాసినాను. పాపం తప్పించినాననుకొని ఆ రోజు గుడిలో కొబ్బరికాయ కొట్టినాను.

పుస్తకం అచ్చయింది. ఒక ఆదివారం పత్రికలో సమీక్షకుడు సరిగ్గా ఆ రెండు పేజీలనే మెచ్చుకున్నాడు. చూపు రాని దేవతను పగలగొట్టించడంలోనే చైనా రచయిత్రి లోతు తెలుస్తుందట. మామ దాన్ని నాతో నాలుగుసార్లు చదివించుకున్నాడు. "సూసినావా, పనిలో ఉండే న్యాయం యాడున్నోళ్ళకైనా తెలుస్తాది" అన్నాడు.

నంద్యాలలో ఆ పుస్తకం మీద సభ పెట్టినారు. మామ తానూ వస్తానన్నాడు. ఉతికిన పంచె కట్టుకొని, ముసలితనం సాకుతో నా భుజం పట్టుకొని వచ్చి, రెండో వరసలో కూర్చున్నాడు. ఆయన వస్తాడని విని బండి ఆత్మకూరు ఊరి గుడి పెద్ద కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. వాళ్ళ అమ్మవారి విగ్రహం మా షెడ్డులోనే ఉంది. ఆ శుక్రవారం కండ్లు తెరవాలి.

ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన ఒక సారు వేదిక ఎక్కినాడు. ఇంగ్లీషు పుస్తకాన్ని చీటీ పెట్టిన చోట తెరిచి చదివినాడు. తర్వాత నాది చదివినాడు.

"ఇది ఎవరి నవలమ్మా? చైనా ఆమెదా, మీదా?"

సభ నవ్వింది.

"బడికి పోలేదని ముందుమాటలో రాసుకున్నారు గదా, ఇంటి చదువుతో ఇదే చిక్కు. ఇంటి వంట మాదిరి, ఎవరికి కావలసినంత ఉప్పు వాళ్ళేసుకుంటారు."

తప్పు నాదే సార్ అనింటే ముగిసిపోయేది. మా నాయన చెప్పిన చదువును అన్నందుకు నాకు ఒళ్ళు మండింది.

"నేను కాదు సార్. మా మామ ఒప్పుకోలేదు."

"ఓహో. మామగారు నవల చదివినారా?"

"నేనే చదివి వినిపిస్తా సార్. ఆయనకు కండ్లు కనపడవు."

"అదీ సంగతి. గుడ్డాయన చెప్పినాడని దేవతకూ కండ్లు లేకుండా చేసినారు."

ఎంతసేపు నవ్వినారో. నవ్వు నా మీద నుంచి పక్కకు పోయింది గదా అని నాకు ఆ క్షణం హాయిగానే ఉండింది. తర్వాత చూసినాను. గుడి పెద్ద మామ ముఖం ముందర చెయ్యి మెల్లగా ఆడిస్తున్నాడు. మామ రెప్ప కదలలేదు.

తిరుగు బస్సు సిరివెళ్ల దాటినాక మామ నా వైపు తిరిగినాడు. "నాకు సదువు రాదని సెప్పింటే సాలు గదమ్మా" అన్నాడు. అంతే.

మర్నాడే గుడి పెద్ద ఫోన్ చేసినాడు. కొడుకు చేతనే కండ్లు తెరిపించండి, పెద్దాయన దగ్గరికి కూడా రావద్దు అన్నాడు. ఆగి, "మీ షెడ్డులో సెక్కిన మా నవగ్రహాలకు కండ్లు ఎవరు తెరిసినారప్పా?" అని కూడా అడిగినాడు.

శుక్రవారం నా భర్త ఉలి పట్టినాడు. మామ షెడ్డు బయట రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. ఉలి చప్పుడు వింటూ, "లోతు పోతాంది, తగ్గించమను" అన్నాడు నాతో. నేను లోపలికి పోయేసరికి గీత పడిపోయింది. ఎడమ కన్ను కొంచెం లోతు ఎక్కువైంది. గుడి పెద్ద చూసి, శానా బాగుంది అని దండం పెట్టుకున్నాడు.

రెండో ముద్రణలో ఆ పేజీలను మూలంలో ఉన్నట్టే సరిచేసినాను. అనువాదకురాలి నిజాయితీ అని ఆ సారే వ్యాసం రాసినాడు. నాకు పోయింది ఏమీ లేదు. దేవుని దయ, పుస్తకం నిలిచింది, నా పేరూ నిలిచింది.

మామ అడగకపోయినా కొత్త పేజీలు ఆయనకు చదివినాను. దేవత ముఖం పగిలే చోట, పాత అలవాటున ఏమైనా అంటాడేమోనని ఆగినాను.

"సదువు" అన్నాడు. "ఇప్పుడు నిజమే అనిపిస్తాంది. సెయ్యి లేస్తాది."