సంచులు పెరిగితే శుభ్రమైనట్టా?

కరోనా సద్దుమణిగినంక, రిటైర్‌మెంటుకు పది నెలల ముందు, నన్ను ఉప్పల్‌లోని మా పరిశోధన సంస్థ కణాల ల్యాబుకు సీనియర్ టెక్నికల్ ఆఫీసర్‌గా వేసిన్రు. రిపోర్టు మీద ముందు నా సంతకం, తర్వాత సైంటిస్టుది. నాది పడకుంటే కాయితం కదలదు.

అక్కడ మా పని ఆటోఫజీ. కణం తన లోపల పాడైన ప్రోటీన్లను చిన్న సంచుల్లో మూటగట్టి, కరిగించి, మళ్లీ వాడుకుంటది. పార్కిన్సన్స్ లాంటి మెదడు జబ్బుల్లో ఈ పని కుంటుపడుతది.

నాచారం కంపెనీ ఒకటి మెదడుకు మంచిదని అప్పటికే అమ్ముతున్న తన పొడిని పరీక్షకు పంపింది. పొడి వేసిన కణాల్లో సంచులు మస్తు పెరిగినయి. మా సైంటిస్టు 'కణశుద్ధి పెరిగింది' అని రాసి నా ముందట పెట్టిండు. నేను పెన్ను తీసిన.

గాజుసామాన్లు కడిగే యాదమ్మ ఆ పొడి డబ్బా చూసి ఆగింది. ఆమె భర్తకు చేతులు వణికే ఆ జబ్బే. దవాఖానా గోలీలు బంద్ జేసి నెల నుంచి ఇదే పొడి తాగుతున్నడట. ఏం తేలిందని అడిగితే, సంచులు పెరిగినయని చెప్పిన.

"మా రామంతాపూర్ గల్లీల సంచులు పెరిగినయంటే చెత్తబండి రాలేదన్నట్టు సార్," అన్నది.

నాకు తల కొట్టేసినట్టయింది. సంచులు కరగకుండా ఆపే మందు కలిపి ఇంకో వరుస కణాలు పెట్టాలె. అప్పుడు సంచులు ఇంకా పెరిగితే బండి నడుస్తున్నట్టు, పెరగకుంటే ముందే ఆగినట్టు. కొత్తగా చేరినోళ్లకు నేనే నేర్పే పాఠమది. కంపెనీ తొందరపెడితే ఆ వరుసే ఎగ్గొట్టినం.

సంతకం ఆపి, ఆ వరుసతోటి పరీక్ష మళ్లీ చేసిన. ఆ మందు కలిపినా సంచులు అంతకన్నా పెరగలేదు. పొడి శుభ్రం చేస్తలేదు, అడ్డం పడుతున్నది. కంపెనీ అడిగింది సంచుల సంగతే, మిగతాది మనకెందుకని సైంటిస్టు అన్నడు. నాకు ఒళ్లు మండింది. అభ్యంతరం రాసి డైరెక్టర్‌కు పంపిన. కణాల్లో చూసింది మనిషిలో అట్లే ఉంటదని చెప్పలేను గానీ, గోలీలు మాత్రం ఆపొద్దని యాదమ్మకు ఆ పొద్దే చెప్పిన. ఆమె భర్త గోలీలు మళ్లీ మొదలువెట్టిండు.

రిపోర్టు ఆగింది. కంపెనీ ఇంకో ల్యాబు చూసుకున్నది. కణశుద్ధి మాట ఇప్పుడు డబ్బా మీద అచ్చయి ఉన్నది. కంపెనీ ఫలితం బయటి మనిషికి చెప్పినందుకు నాకు మెమో వచ్చింది. ఆ బయటి మనిషి మా ల్యాబులోనే పదకొండేండ్లుగా పనిచేస్తున్నది.

పోగైనదాన్ని చూసి పని జరిగిందనుకోవద్దని నేను నేర్చుకున్నది అక్కడే. ఆమె అడగకుంటే నా సంతకం పడేది.