కమల మేడం ‘ఔ’ అన్న రోజు

నాంపల్లి స్టేషన్ బయట చాయ్ తాగుతుంటే, పక్కనున్న పెద్దాయన ఫోన్ ఏదో సందేశాన్ని తెలుగులో చదివి వినిపించింది. ఎక్కడా ఆగకుండా ఒత్తులు మింగేస్తూ సాగుతున్న ఆ యంత్రపు గొంతు వినగానే నవ్వొచ్చింది. ఆ వెంటనే చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాను. “గిదేంది, రైలు తప్పిపోతున్నట్టు చదువుతున్నది!” అని ఆఫీసు కంప్యూటర్‌ను కసిరే కమల మేడం గుర్తొచ్చారు.

అబిడ్స్‌లో బట్టల దుకాణాల వెనక సందులో, మేడ మీద, ఆమె అనువాదాల ఆఫీసు నడిపేవారు. దరఖాస్తులు రాయించుకునేవాళ్లు, దవాఖాన కాగితాల్లో ఏముందో తెలుసుకోవాలనుకునేవాళ్లు వచ్చేవారు. డిగ్రీ అయ్యాక టైపిస్టుగా చేరిన నేను అనువాదం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఏఐ ఫోన్లలోకి వచ్చాక మా మెట్లెక్కేవాళ్లు తగ్గిపోయారు. నా ఉద్యోగం పోయినట్టేనని నేను బెంగపడుతుంటే, అరవై దాటిన మేడం దాన్ని ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టించుకుని, కొత్తగా పనిలో చేరిన పిల్లకు చెప్పినట్టు దానికి పనులు చెప్పడం మొదలుపెట్టారు.

“ఫికర్ ఎందుకే సరితా? రాసుడు అది రాస్తది. మనుషులు ఏం చెప్తున్నరో మనం విందాం” అన్నారు.

ఒకరోజు హోటల్లో వంట చేసే లక్ష్మి వచ్చింది. కూతురికి హాస్టల్ సీటు కోసం దరఖాస్తు కావాలంది. ఆమె చెప్పిన నాలుగు ముక్కలూ నేను టైపు చేస్తే ఏఐ కన్నీళ్లు తెప్పించేలా రాసిచ్చింది. నేను మురిసిపోయాను. మేడం దాన్ని లక్ష్మికి చదివి వినిపించమన్నారు.

లక్ష్మి కొంగు సర్దుకుంది. “మంచిగనే ఉంది మేడం. కానీ బిచ్చం అడిగినట్టుంది. నేను గట్లా చెప్పలే.”

“ఇలా రాస్తేనే పని అవుతుంది” అని నేను అనబోతే మేడం చెయ్యెత్తి ఆపారు. “నువ్వు చెప్పమ్మా.”

“నా బిడ్డకు చదువంటే పానం. గాడ ఉంటే మంచిగ చదువుకుంటది. గంతే.”

మేడం ఆ ఏడుపంతా తీసేయమని యంత్రానికి చెప్పి, మళ్లీ రాయించి, మళ్లీ చదివించారు. లక్ష్మి ‘ఔ’ అనేదాకా వదల్లేదు. ఆ పిల్లకు సీటు వచ్చిందో లేదో మాకు తెలియలేదు. లక్ష్మి మాత్రం తలెత్తుకుని మెట్లు దిగి వెళ్లింది.

తర్వాతి ఎండాకాలంలో మేడంకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాటలు ముక్కలుముక్కలుగా వచ్చేవే తప్ప వాక్యం కుదిరేది కాదు. మూడు భాషలు అవలీలగా మాట్లాడిన మనిషి మంచినీళ్లనడానికి పెనుగులాడడం చూడలేకపోయాను. హిమాయత్‌నగర్ ఇంట్లో ఆమె భర్త నర్సింగరావు సార్ కంటికి రెప్పలా చూసుకునేవారు. ఆమె ఒక మాట అనేలోపే మిగతాదంతా ఆయనే అనేసేవారు.

ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి ఆయన దిగులుగా ఉన్నారు. “ఆఫీసు బంద్ చేయమంటున్నది సరితా. పొద్దటి నుంచి ‘సరి, ఆఫీసు, తాళం’ అనే అంటున్నది. ఇంక సరి, తాళం వేసెయ్యమని.”

మంచం మీద మేడం కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. ఆఫీసు మీది బెంగేమో అనుకున్నాను. అయినా మనసొప్పక ఫోన్ తీసి, గదిలో ఎవరెవరం ఉన్నామో ఏఐకి చెప్పి, ఆమె పలికిన మాటలిచ్చి, ఆమె ఏమనాలనుకుంటూ ఉండొచ్చో రకరకాలుగా చెప్పమన్నాను.

“ఇక సరి, ఆఫీసుకు తాళం వేయండి” అంది ఫోన్.

మేడం తల అడ్డంగా ఊపారు. “కా... కాదు.”

“ఆఫీసు తాళం సరిగా వేశారా?”

“కాదు.”

“సరితకు ఆఫీసు తాళం ఇవ్వండి.”

మేడం ఎడమచేత్తో మంచాన్ని గట్టిగా చరిచారు. “ఔ! ఔ!”

ఆ ‘సరి’లో నా పేరుందని నాకే తట్టలేదు. నర్సింగరావు సార్ మంచం అంచున కూలబడ్డారు. “నీ మాటే చెప్తున్న అనుకున్న కమలా. నిన్ను అడగనే లేదు” అన్నారు. ఆమె ఎడమచేత్తో ఆయన చెంప నిమిరారు.

ఆ తర్వాత సార్ ఆగడం నేర్చుకున్నారు. ఫోన్ ఒక్కో వాక్యం చెప్పడం, మేడం కొట్టిపారేయడం. అదొక ఆటయింది. పప్పులో ఉప్పు తక్కువైందనడానికి అది గ్రాంథికంలో ఏదో అంటే ఆమె పకపకా నవ్వారు. వానాకాలం వెళ్లిపోతుండగా ఆమె కూడా వెళ్లిపోయారు.

ఆఫీసు ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఏఐ నాకన్నా వేగంగా రాస్తుంది, చాలాసార్లు నాకన్నా బాగా. ఇంట్లో మా అమ్మ మందుల చీటీలూ అదే చదివి చెబుతుంది. దాని మీద నాకు కోపం లేదు. అయితే రాసింది చదివి వినిపించాక కీబోర్డు మీంచి చేతులు తీసేసి కూర్చుంటాను. ఎదుటివాళ్లు వెంటనే తలూపితే నమ్మను. కంప్యూటర్ ముందు చాలామందికి కాదనడానికి మొహమాటం.

మొన్న అఫ్జల్‌గంజ్ నుంచి వచ్చినాయన అంతా విని, కాసేపు నేల చూపులు చూసి, “జర మార్చమంటే ఏమనుకోవు గద బిడ్డా?” అన్నాడు.

కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాను.

“చెప్పండి” అన్నాను.